చెరకులో చెర (కడలి దాటిన కూలి – 7వ భాగం)

సంక్రాంతి వెళ్లేసరికి చోడవరం చుట్టుపక్కల గాలికే తీపి పడుతుంది. గోవాడ ఫ్యాక్టరీ దారిలో చెరకు బళ్లు, ట్రాక్టర్లు వరస కట్టేవి. ఊళ్లలో ఇంకా మిగిలిన బెల్లం పొయ్యిల దగ్గర పిప్పి మండుతుంటే పెనంలో రసం కుతకుత ఉడుకుతూ ఉంటుంది. మా చిన్నతనంలో ఆకు దొన్నె పట్టుకుని ఆ పెనం చుట్టూ తిరిగేవాళ్లం. పాకం కాసేవాడు ఓ గరిటెడు వేడివేడిగా పోస్తే నాలుక కాలినా వదిలేవాళ్లం కాదు. ఆ రోజుల్లో నాకు చెరకు అనే మాటలో చెర కనిపించలేదు. నిఘంటువు ప్రకారం ఈ రెండు మాటలకీ చుట్టరికం లేదు. చరిత్రలో మాత్రం ఉంది.

పోయిన భాగంలో కోరంగి రేవు దగ్గర ఆగాం. 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును ముంచేసిన సంగతి చెప్పుకున్నాం. ఈసారి ఓ యాభై ఏళ్లు వెనక్కి నడవాలి. కోరంగి నుంచి కూలీలు ఎందుకు బయల్దేరారో తెలియాలంటే ముందు లండన్‌లో టీ తాగేవాళ్ల ఇంట్లోకి తొంగిచూడాలి.

1791లో విలియం ఫాక్స్ అనే ఆయన ఇంగ్లండులో ఒక కరపత్రం వేశాడు. వెస్టిండీస్ చక్కెర తినడమంటే బానిస నెత్తురు తాగడమేనన్నది అందులో సారం. ఆ ఏడూ మరుసటేడూ ఇంగ్లండు ఇళ్లలో చక్కెర డబ్బాలు మూతపడ్డాయి. దాదాపు 3 లక్షలమంది చక్కెర మానేశారని ఉద్యమ నాయకుడు థామస్ క్లార్క్‌సన్ అంచనా. ఓటు హక్కు లేని ఆడవాళ్లకి ఇది చేతికందిన ఆయుధం. పార్లమెంటుకి వెళ్లలేకపోయినా, వంటింట్లో చక్కెర రానీయకుండా ఉండగలరు. తర్వాతి తరంలో ఎలిజబెత్ హేరిక్ 1824లో మరో కరపత్రం రాసింది. మెల్లమెల్లగా వద్దు, ఇప్పుడే బానిసత్వం పోవాలని గట్టిగా అడిగింది. పార్లమెంటులో పెద్దమనుషులు నెమ్మదితనాన్ని వివేకమనుకుంటున్న రోజులవి. ఆ పెద్దమనుషులకంటే హేరిక్‌కి ముందుచూపు ఎక్కువని నా అభిప్రాయం.

చక్కెర పూర్తిగా మానలేనివాళ్లకి వ్యాపారులు వేరే దారి చూపారు. పింగాణీ గిన్నెల మీద ఇది ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసింది కాదని బంగారు అక్షరాలతో రాయించి అమ్మారు. ఈస్టిండియా అంటే మనమే. అప్పటికే సామర్లకోటలో ఉంటూ మొక్కల్ని శోధించిన విలియం రాక్స్‌బర్గ్, ఏలేరు ఒడ్డున పెద్దాపురం రైతులు చెరకు ఎలా నాటుతారో, ఎలా ఆడతారో, బెల్లం ఎలా వండుతారో పూసగుచ్చినట్టు రాసి పెట్టాడు. ఇక్కడ చెరకు వేసేవాడు రైతు, ఆడేవాడు రైతు, అక్కడిలా కొరడా లేదు అన్న వాదానికి అలాంటి రాతలు పనికొచ్చాయి.

ఆ గిన్నె మీద రాసింది పూర్తిగా నిజమా? కంపెనీ ఏలుబడిలో బానిసత్వం లేదనడం మాత్రం అబద్ధం. మలబారులో పొలంతో పాటు మనుషుల్ని అమ్మేవాళ్లు. 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ నిర్మూలన చట్టం చేసినప్పుడు కంపెనీ భూభాగాల్ని అందులోంచి మినహాయించింది కూడా. ఇక్కడ బానిసను ఆస్తిగా కోర్టులు గుర్తించకూడదన్న చట్టం 1843లో గాని రాలేదు. బానిసల్ని కొనడం, అమ్మడం నేరమని 1860 శిక్షాస్మృతిలో గాని ఎక్కలేదు. అడవి వైపు, మాడుగుల దాటి ఘాట్ ఎక్కితే, ‘గోతి’ పేరుతో అప్పుకింద మనిషి మనిషికి కట్టుబడిపోయే ఆచారం అంతకన్నా చాలాకాలం బతికింది. దాన్ని ఏజెన్సీలో రద్దు చేస్తూ ప్రత్యేక నిబంధన రావడానికి 1940 దాకా పట్టింది. గోతి అనే పేరు ఎవరు పెట్టారో గాని, తెలుగు తెలిసినవాడికి వేరే వివరణ అక్కర్లేదు.

సరే, 1834 ఆగస్టు 1. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసలు చట్టప్రకారం విడుదలైన రోజు. మారిషస్‌లో అది 1835 ఫిబ్రవరి 1న అమలైంది. ఖజానా 2 కోట్ల పౌన్లు పరిహారంగా చెల్లించింది. ఎవరికి? యజమానులకి. ఇన్నాళ్లూ నడుం విరిగేలా పనిచేసినవాళ్లకి ఒక్క పెన్నీ రాలేదు. పైగా ‘అప్రెంటిసు’ అనే పేరుతో ఇంకొన్నేళ్లు పాత యజమాని దగ్గరే పనిచెయ్యమన్నారు.

అయినా ఆ తేదీ అమెరికాలో పండుగైంది. అక్కడ ఇంకా నల్లవాళ్లని వేలం వేస్తున్నారు. బోస్టన్‌లో విలియం లాయిడ్ గారిసన్ 1831 జనవరి 1న ‘లిబరేటర్’ పత్రిక మొదలుపెట్టి, బానిసత్వం పోయేదాకా ఆపనని కూర్చున్నాడు. 1838లో మేరీలాండ్ బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఉత్తరాది సభల్లో మాట్లాడుతుంటే, ఇంత చక్కగా మాట్లాడేవాడు బానిసగా బతికాడంటే నమ్మలేమని శ్రోతలు గొణిగేవారు. ఆ అనుమానం తీర్చడానికే ఆయన తన జీవితకథ అచ్చువేశాడు. వీళ్లందరూ ఏటా ఆగస్టు 1న సభలు పెట్టి, వెస్టిండీస్‌లో అయ్యింది ఇక్కడెందుకు అవదని అడిగేవారు.

వాళ్లకీ మనకీ మధ్య వంతెనలాంటి మనిషి ఒకడున్నాడు. జార్జ్ థామ్సన్. లివర్‌పూల్‌లో పుట్టిన ఇంగ్లీషువాడు, మంచి వక్త. 1834లో అమెరికా వెళ్లి ఊరూరా బానిసత్వాన్ని తిట్టాడు. 1835 అక్టోబరులో బోస్టన్‌లో ఒక గుంపు ఆయన్ని పట్టుకోవడానికి మహిళల సభ మీద పడింది. ఆయన దొరకలేదు. చేతికి చిక్కిన గారిసన్ నడుముకి తాడు కట్టి వీధుల్లో ఈడ్చారు. ఆ థామ్సనే ఇంగ్లండు తిరిగొచ్చాక 1839లో బ్రిటిష్ ఇండియా సొసైటీ నెలకొల్పినవాళ్లలో ఒకడయ్యాడు. భారతదేశపు రైతు పండించే పత్తి మాంచెస్టరుకి చేరితే అమెరికా బానిస పత్తి చస్తుందన్నది ఆయన లెక్క. ద్వారకానాథ్ టాగూరు వెంట కలకత్తా వచ్చి 1843లో అక్కడివాళ్లతో రాజకీయ సంఘం పెట్టించాడు. రవీంద్రుడి తాతకి బోస్టన్ గుంపు వెంటపడిన మనిషితో స్నేహం!

ఇప్పుడు అసలు విషయానికి. బానిసలు విడుదలయ్యారు. చెరకు మాత్రం అక్కడే ఉంది, కోతకొస్తోంది. కొరడా దెబ్బలు తిన్న తోటకి, స్వేచ్ఛ దొరికాక ఎవడు తిరిగొస్తాడు? తోట యజమానులు తూర్పు వైపు చూశారు. సరిగ్గా అప్పుడే మనవైపు నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు మొదలుకొని కోస్తాను ఊడ్చేసి పోయింది. 1832–33 నాటి మాట. అక్కడ చెరకు కోసేవాడు లేడు, ఇక్కడ కలిపోసేవాడు లేడు. ఈ రెండింటి మధ్య ఓడ నడపగలిగినవాడికి బోలెడు లాభం.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో మారిషస్ రేవు పోర్ట్ లూయీ చేరింది. వాళ్లు ఒప్పందం మీద గుర్తు పెట్టి వచ్చినవాళ్లు. ఇంగ్లీషు అగ్రిమెంటు మాట నోరు తిరగక ‘గిర్మిట్’ అయింది, సంతకం చేసినవాడు గిర్మిటియా అయ్యాడు. మన తీరం నుంచి మద్రాసు మీదుగా పోయినవాళ్లకీ అదే కాగితం. అయిదేళ్లు ఫలానా తోటలో పని, ఇంత జీతం, ఇంత బియ్యం, ఇంత పప్పు. చదవడానికి బాగానే ఉంటుంది. మారిషస్‌లో ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవాళ్లు. దానికి ‘డబుల్ కట్’ అని పేరు. జ్వరం తగిలి వారం పడుకున్నవాడు నెలాఖరుకి యజమానికే బాకీ పడొచ్చు.

ఇక్కడే నాకు ఆసక్తి కలిగేది. గెలిచిన ఉద్యమకారులు ఏం చేశారు? చాలామంది చట్టం వచ్చిందని ఇంటికి పోయారు. కొందరు మాత్రం చక్కెర వెంట నడిచారు.

బ్రిటిష్ గయానాలో జాన్ గ్లాడ్‌స్టన్ అనే పెద్ద యజమాని, తర్వాత ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్ తండ్రి, తన బానిసల విడుదలకి లక్ష పౌన్లకి పైగా పరిహారం పుచ్చుకున్నాడు. అదే మనిషి 1836లో కలకత్తాలోని ఒక వ్యాపార సంస్థకి ఉత్తరం రాసి, తోటలకి కూలీలు కావాలన్నాడు. 1838 మేలో విట్‌బీ, హెస్పరస్ ఓడల్లో 396 మంది అక్కడ దిగారు. బానిసత్వ వ్యతిరేక సంఘపు మనిషి జాన్ స్కోబుల్ మరుసటేడు స్వయంగా ఆ తోటలకి వెళ్లి చూశాడు. కొరడా దెబ్బలు, పుళ్ల మీద ఉప్పునీళ్లు, పారిపోయి అడవుల్లో చచ్చినవాళ్లు. ఆ వివరాలన్నీ లండన్‌లో అచ్చయ్యాయి. లార్డ్ బ్రౌహామ్ ప్రభువుల సభలో గొంతెత్తాడు. ఇది కొత్త రూపంలో బానిసత్వమే అవుతుందేమోనని వలసరాజ్యాల మంత్రి లార్డ్ జాన్ రస్సెలే 1840లో రాశాడు. ఓడలు అప్పటికే ఆగి ఉన్నాయి.

ఎన్నాళ్లు? కొద్ది ఏళ్లే. 1842లో చట్టం చేసి మారిషస్‌కి తలుపులు మళ్లీ తెరిచారు. 1843 ఒక్క ఏడాదిలోనే 30 వేల పైచిలుకు మనుషులు ఆ చిన్న దీవిలో దిగారు. తిరిగి తెరిచేటప్పుడు ‘ప్రొటెక్టర్’ అనే అధికారిని పెట్టారు. కూలీని కాపాడేవాడన్నమాట. ఆ ప్రొటెక్టరు తోటకి వస్తే భోజనం మాత్రం సాధారణంగా యజమాని బంగళాలోనే.

1871వ సంవత్సరం దగ్గర కాస్త నిలబడదాం. ఆ ఏడు రెండు చోట్ల, ఒకరికొకరు తెలియని ఇద్దరు మనుషులు కలం పట్టారు.

మొదటివాడు డగ్లస్. అమెరికాలో బానిసత్వం 1865లో 13వ రాజ్యాంగ సవరణతో ముగిసింది. గారిసన్ అన్నమాట ప్రకారం ఆ డిసెంబరులో ‘లిబరేటర్’ మూసేశాడు. డగ్లస్ మూసుకోలేదు. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది యజమానులు చైనా కూలీల కోసం వెతుకుతున్నారని గమనించి, వాషింగ్టన్ నుంచి వచ్చే ‘న్యూ నేషనల్ ఎరా’ పత్రికలో 1871లో కూలీ వ్యాపారం మీద రాశాడు. చవక కూలీ అనే మాట వెనక ఏ బుద్ధి దాగుందో, ఒకప్పుడు సరుకుగా అమ్ముడుపోవాల్సినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆయన దృష్టిలో ఉన్నది ముఖ్యంగా చైనావాళ్లు. 

రెండోవాడు మారిషస్‌లో ఉన్నాడు. అడాల్ఫ్ డి ప్లెవిట్జ్, జర్మన్ మూలాలవాడు, పుట్టింది పారిస్‌లో, తనూ ఒక తోట నడిపేవాడు. అయిదేళ్ల గడువు ముగించుకున్న పాత కూలీలు స్వతంత్రులే. అయినా 1867 చట్టం వాళ్లని ఫొటో అంటించిన చీటీ జేబులో పెట్టుకోకుండా గడప దాటనివ్వలేదు. చీటీ లేకపోతే దిమ్మరి కింద జైలు. చీటీ పోతే కొత్తదానికి డబ్బు. మళ్లీ గిర్మిట్ రాస్తే మాత్రం ఏ బాధా లేదు! ప్లెవిట్జ్ తన దగ్గరికి వచ్చి గోడు చెప్పుకున్నవాళ్ల మాటలన్నీ రాసి, 9,401 మంది పాత కూలీల సంతకాలతో గవర్నరుకి అర్జీ పెట్టాడు. తెల్లవాళ్లు మండిపడ్డారు. దేశం నుంచి వెళ్లగొట్టమని ఎదురు అర్జీ పెట్టారు. పోర్ట్ లూయీ నడివీధిలో ఆయన మీద చేయిచేసుకున్నారు. కాని 1872లో లండన్ నుంచి రాయల్ కమిషన్ దిగింది, ప్లెవిట్జ్ చెప్పినదాంట్లో చాలాభాగం నిజమని తేల్చింది.

9,401 సంతకాలు. చదువులేనివాళ్లు, చీటీ లేకుండా రోడ్డెక్కితే జైలుకి పోయేవాళ్లు, అంతమంది చేరి సంతకాలు పెట్టారంటే చిన్న విషయం కాదు. పుస్తకాలు ప్లెవిట్జ్ ధైర్యాన్ని మెచ్చుకుంటాయి, మెచ్చుకోవాల్సిందే. ఆయనకి కనీసం తిరిగిపోవడానికి దేశం ఉంది.

ఇక నాటాల్. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా 1,52,184 మంది అలా వెళ్లారు. అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు తాలూకాల వాళ్లతో పాటు మన విశాఖపట్నం, గంజాం జిల్లాలవాళ్లు ఆ ఓడల్లో ఉన్నారు. ఓడ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తు. ఎడమ కణత మీద మచ్చ, కుడి మోచేతి మీద కాలిన గుర్తు అని రాస్తారు. సంతలో పశువుకి సుళ్లు చూసినట్టే.

జాబితాలో ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో చెడిపోయినా, మనిషి పేరు ఊరిని పట్టిస్తుంది. అప్పలస్వామి, అప్పన్న, సన్యాసి లాంటి పేర్లు సింహాద్రి చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడ ఇంత దట్టంగా ఉంటాయి? డర్బన్‌లో, మారిషస్‌లో అవే ఇంటిపేర్లుగా గట్టిపడ్డాయి. మారిషస్‌లో తెలుగు మూలాల కుటుంబంలో పుట్టి ఫ్రెంచిలో నవలలు రాసే నతాషా అప్పన్న తన తొలి నవలని గిర్మిట్ కూలీల మీదే రాసింది. ఆమె పేరు పారిస్ పుస్తకాల షాపులో అద్దం వెనక ఉంటుంది. మనకి మాత్రం సింహాద్రి అప్పన్న చందనోత్సవం గుర్తొస్తుంది.

నాటాల్‌లో మొదటి ఏడు నెలకి 10 షిల్లింగుల జీతం, ఏడాదికో షిల్లింగు పెరుగుదల. గడువు అయ్యాక అక్కడే ఉండిపోదామనుకున్నవాళ్ల మీద 1895లో తలకి ఏటా 3 పౌన్ల పన్ను వేశారు. మొదటి ఏటి జీతంతో లెక్కేస్తే ఆరు నెలల కష్టం. కట్టలేకపోతే మళ్లీ గిర్మిట్ రాయి, లేదా ఓడెక్కి పో. ఆ పన్ను 1913 సమ్మె తర్వాత, 1914లో పోయింది. గాంధీ పోరాటం గురించి పాఠకులకి తెలుసు కాబట్టి మళ్లీ చెప్పను.

మన దేశంలో ఈ ఉద్యమానికి రూపం ఇచ్చినవాడు గోఖలే. 1910 ఫిబ్రవరిలో ఆయన తీర్మానం ఫలితంగా నాటాల్‌కి కూలీలని పంపడం 1911 జులై 1 నుంచి ఆగింది. 1912 మార్చిలో అసలు ఈ పద్ధతినే రద్దు చెయ్యాలని మరో తీర్మానం పెట్టాడు. శాసనమండలిలో భారతీయ ప్రతినిధులంతా అవునన్నారు, అధికారుల ఓట్లతో అది ఓడిపోయింది. ఆ తర్వాత ఫిజీ నుంచి వార్తలు మొదలయ్యాయి. చెరకు తోట ఓవర్సీరు చేతుల్లోంచి తప్పించుకోవడానికి నదిలోకి దూకిన కుంతి అనే కూలీ మహిళ కథ 1913లో కలకత్తా హిందీ పత్రికలో వచ్చింది. ఉద్యమం మలుపు తిరిగింది అక్కడే అనిపిస్తుంది. జీతాల కోతల లెక్కలు ఏళ్లతరబడి కదిలించలేనివాళ్లని ఈ ఒక్క కథ కదిలించింది. గాంధీకి మిత్రులైన ఇంగ్లీషువాళ్లు ఆండ్రూస్, పియర్సన్ 1915లో ఫిజీ వెళ్లి కూలీలు ఉండే ‘లైన్ల’ గదులు చూశారు. నూరుమంది మగవాళ్లకి నలభైమంది ఆడవాళ్లు చాలన్న నిబంధన ఆ గదుల్లో ఏం చేసిందో, ఉరేసుకున్నవాళ్లెందరో రాశారు. 1916 మార్చిలో మాలవీయ తీర్మానాన్ని వైస్రాయ్ హార్డింజ్ అంగీకరించాడు, కాని ఇంకొన్నేళ్లు గడువు కావాలన్న మాట లోపల నడుస్తోంది. 1917 జనవరిలో అలహాబాదులో సరోజినీ నాయుడు ఆ గడువుని చీల్చి చెండాడింది. జైజీ పెటిట్ నాయకత్వంలో స్త్రీలు వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌ని కలిశారు. ఆ మార్చిలో, యుద్ధకాలపు అధికారాలతో, గిర్మిట్ ఓడలు ఆపేశారు. ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న చెల్లిపోయాయి.

అంతకు నూట పాతికేళ్ల ముందు వంటింట్లో చక్కెర డబ్బా మూసిన ఆడవాళ్లతో మొదలుపెట్టాను కదా. చివరి తాళం వేయించడానికి కూడా ఆడవాళ్లే వైస్రాయ్ గుమ్మం తొక్కాల్సి వచ్చింది.

మిగిలిన పని కాగితం మీద పెట్టిన సర్కారులో మన జిల్లా మనిషి ఉన్నాడు. బయ్యా నరసింహేశ్వర శర్మ, విశాఖపట్నంలో వకీలు. 1920 నుంచి 1925 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడు. వలసల వ్యవహారం ఆయన శాఖ కిందే ఉండేది. 1922లో వచ్చిన వలసల చట్టం ప్రకారం, చట్టసభ ఒప్పుకున్న దేశానికి, ఒప్పుకున్న షరతుల మీద తప్ప కాయకష్టం కూలీని విదేశానికి తీసుకుపోకూడదు. సర్ బిరుదు ఉన్న మితవాది కావడంతో మనవాళ్లు ఆయన్ని అంతగా తలుచుకోరు. ఈ ఒక్క చట్టం కోసమైనా తలుచుకోవచ్చు.

కాని ఆ చట్టంలో విదేశం అన్న మాట దగ్గర ఒక సందు ఉంది. బర్మా అప్పటికి విదేశం కాదు. 1937 దాకా అది బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. విశాఖ రేవులో, భీమిలిలో, కాకినాడలో పొగ ఓడ ఎక్కి రంగూన్ పోయేవాడు చట్టం దృష్టిలో వలస పోతున్నట్టే కాదు, పక్క జిల్లాకి పోతున్నట్టు. గిర్మిట్ లేదు, ప్రొటెక్టర్ లేడు, వేలిముద్ర కూడా లేదు. మేస్త్రీ చేతిలో అడ్వాన్సు రూపాయలు, వాడి నోట్‌బుక్కులో ఒక గీత, అంతే. అక్కడి మిల్లుల్లో, రేవులో వాళ్లని అందరూ ‘కొరంగీ’ అని పిలిచేవారు.

(వచ్చే భాగం: రంగూన్ రేవు, 1930 మే)